అరవై తొమ్మిదో ఏడు

అంతోని కూర్చోడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడతాడు. చర్చిలో ప్రసంగం గంటసేపు సాగినా వెనక గోడకు ఆనుకునే వింటాడు. ఇంట్లో అన్నం కూడా పళ్ళెం చేత్తో పట్టుకుని గుమ్మంలో తిరుగుతూ తింటాడు. పడుకోవడానికి మాత్రం అతనికి భయం లేదు, ఎందుకంటే వాళ్ళ వంశంలో పడుకుని పోయినవాళ్ళు ఎవరూ లేరు. పోయిన మగవాళ్ళంతా కూర్చునే పోయారు.

తండ్రి రాయప్ప నలభై ఏళ్ళ కిందట కుప్పనూర్పులయి ఇంటికొస్తూ, గట్టు మీద ఆగి చుట్ట వెలిగించుకుని, "మీరు పదండి, నేను కాసేపు కూర్చుంటా" అన్నాడు. మళ్ళీ లేవలేదు. అప్పటికి ఆయనకు అరవై తొమ్మిదో ఏడు నడుస్తోంది. అన్నయ్య పేరు ఆరోగ్యం. పేరుకు తగ్గట్టే జలుబు కూడా ఎరగని మనిషి. తొమ్మిదేళ్ళ కిందట మనవరాలి పెళ్ళికి పందిరి వేయిస్తూ, వేయిస్తూ, "కాసేపు కూర్చుంటాను రా" అని కుర్చీ జరుపుకున్నాడు. అంతోని మంచినీళ్ళు తెచ్చేలోగా తల పక్కకు వాలిపోయింది. సమాధి మీద శిలువ కింద చెక్కించిన వయసు అదే, అరవై తొమ్మిది.

అన్నయ్యను మట్టి చేసి వచ్చిన మర్నాడే అంతోని పరుగు మొదలుపెట్టాడు. అప్పటికి అతను కాలువల శాఖలో లస్కరు ఉద్యోగం చేసి దిగిపోయి మూడేళ్ళయింది. ముప్పై నాలుగేళ్ళు గట్టు వెంట తిరిగి, తూముల తలుపులు ఎత్తి దించి, ఏ పొలానికి ఏ రోజు నీళ్ళు వెళ్ళాలో చూసిన మనిషి. నడక అలవాటే గాని పరుగు కొత్త. కంకిపాడు దగ్గర బందరు కాలువ గట్టు మీద మొదటిరోజు ఫర్లాంగు పరిగెత్తేసరికి నాలుక బయటికొచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆగకుండా అయిదు కిలోమీటర్లు వెళ్ళాడు. ఆ తర్వాత అరవై దాటినవాళ్ళ పోటీలకు వెళ్ళి పతకాలు తేవడం మొదలుపెట్టాడు. వాటిని భార్య శౌరమ్మ మేరీమాత పటం కింద మేకుకు తగిలించింది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు. పిచ్చీ లేదు, పాడూ లేదు. ఉత్త భయం.

స్కూలు రికార్డు ప్రకారం అంతోని పుట్టింది 1956 జూలై ఒకటిన. ఆ లెక్కన పోయిన జూలైలో అతనికి అరవై తొమ్మిదో ఏడు వచ్చింది, వచ్చే జూలైకి డెబ్బై వస్తాయి. నడిమి ఏడాదంతా గండమే. గోడకు వేలాడే చర్చి క్యాలెండరులో రోజూ సాయంత్రం ఒక గడి కొట్టేస్తున్నాడు. కొట్టాక ఊపిరి వస్తుంది, తెల్లారేసరికి మళ్ళీ అదే భయం. గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఇనుప గుండె మీది అని వీపు తట్టాడు. ఆరోగ్యం వీపు కూడా ఎవరో డాక్టరు అలాగే తట్టి పంపాడని అంతోనికి గుర్తు.

దీనికి తోడు నవంబరులో గన్నవరం కాశీరావు పోయాడు. అంతోని కంటే చిన్నవాడు, ఎనిమిది వందల మీటర్లలో జిల్లాలో అతణ్ణి కొట్టేవాడు లేడు. స్టేడియంలో ఒళ్ళు వేడెక్కించుకుంటూ రెండో చుట్టు సగంలో ముందుకు పడ్డాడు. బూట్ల తాళ్ళు విప్పింది అంతోనే. అప్పటికే పాదాలు చల్లబడుతున్నాయి. ఆ చల్లదనం చేతులకు అంటుకుని, వారం రోజులు ఏం పట్టుకున్నా వదల్లేదు.

పరుగు మనిషిని చంపుతుందని ఆ రోజు కళ్ళారా చూశాడు. పరుగు మానితే కూర్చోవలసి వస్తుందని అంతకుముందే తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాశీరావును దహనం చేసిన మర్నాడు ఇంకెవరూ రారులే అనుకుని మంచులో గట్టెక్కాడు. ఎదురుగా గంగాప్రసాద్ వస్తున్నాడు. డెబ్బై మూడేళ్ళ రైతు, ఒకప్పుడు వంతు నీళ్ళకోసం అంతోని చుట్టూ తిరిగినవాడు, ఇప్పుడు డెబ్బై దాటినవాళ్ళ గుంపులో ఏటా బంగారు పతకం అతనిదే. ఇద్దరూ ఒకే ఇంటికి కన్నం వేయడానికొచ్చిన దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు.

మీకు భయం లేదా అని అంతోని అడిగాడు. గంగాప్రసాద్ తలగుడ్డ బిగించి కట్టుకున్నాడు.

"ఎందుకుండదయ్యా? రాత్రంతా నిద్రలేదు. కానీ ఇయ్యాళ మానేస్తే రేపు మానేస్తాను, ఎల్లుండి అరుగు మీద కూర్చుంటాను. ఆ అరుగు నాకు తెలుసు. మా నాన్న ఏడేళ్ళు కూర్చున్నాడు దాని మీద, ఈగలు తోలుకుంటా."

ఆపైన ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ రోజు మామూలుకంటే రెండు కిలోమీటర్లు ఎక్కువే పరిగెత్తారు.

ఫిబ్రవరిలో విజయవాడలో రాష్ట్ర పోటీలు పెట్టారు. ఈసారి నిర్వాహకులు పట్టుపట్టారు. ఆధార్ కార్డు చెల్లదు, స్కూలు సర్టిఫికెట్టో, పుట్టిననాటి రికార్డో అసలుది తేవాలి అని కార్యదర్శి ఉషశ్రీ ఫోన్లో మర్యాదగానే, గట్టిగానే చెప్పింది. అంతోని ట్రంకుపెట్టె తీసి చూస్తే స్కూలు కాగితంలో సగం చెదలు తినేసింది. సరిగ్గా తారీకు ఉన్న సగమే తింది. చెదపురుగుకు కూడా ఏది తినాలో తెలుసు. ఆ బడి ఎత్తేసి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పుడు తట్టింది, తనకు జ్ఞానస్నానం ఇచ్చిన చర్చిలో పుస్తకం ఉంటుంది కదా అని. గుడివాడ అవతల పుట్టిన ఊరు, పొద్దున వెళితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఆ మాట చెప్పగానే శౌరమ్మ చేతిలో చేట ఆగిపోయింది. అంత దూరం ఎందుకంది. ఈ ఒక్క ఏడూ పోటీలు మానేయమంది. కాదంటే కాలువల ఆఫీసులో అడగమంది. పాత పుస్తకాలు ఇప్పుడెవరు వెతికిస్తారంది. ఏనాడూ ఇన్ని అడ్డంకులు చెప్పని మనిషి. కాశీరావు పోయినప్పటి నుంచి బెదిరిపోయిందనుకున్నాడు అంతోని. మర్నాడు పొద్దున అతను చెప్పులు వేసుకుంటుంటే ఆమె గడప దగ్గర నిలబడి ఏదో చెప్పబోయి, జాగ్రత్తండీ అని మాత్రం అంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూశాక అతనికి కూడా ఆ ప్రయాణం కీడనిపించింది. అయినా వెళ్ళాడు.

చర్చిలో ఫాదర్ ఆరోన్ అని కుర్ర గురువు ఉన్నాడు. అంతోని మనవడి వయసు ఉంటుంది. కుర్చీ వేశాడు. అంతోని నిలబడే ఉన్నాడు. బీరువాలోంచి గుడ్డ అట్ట వేసిన పెద్ద పుస్తకం తీసి 1956 నుంచి వెతికాడు. దొరకలేదు. 1957 చూశాడు, లేదు. వెనక్కు తిప్పడం మొదలుపెట్టాడు. పేజీలు తిరుగుతుంటే అంతోని పుస్తకం మీదకు వంగి చూశాడు.

ఫాదర్ ఆరోన్ వేలు ఒకచోట ఆగింది. తండ్రి రాయప్ప, తల్లి మరియమ్మ, బిడ్డ అంతోని, పుట్టిన వారానికే, ఆ పేరుగల పునీతుడి పండుగనాడు జ్ఞానస్నానం. 1953 జూన్ పదమూడు.

పొరపాటేమో అన్నాడు అంతోని. ఫాదర్ నవ్వాడు. ఆ రోజుల్లో బడిలో ఆలస్యంగా చేర్పిస్తే హెడ్మాస్టర్లు వయసు తగ్గించి రాసుకునేవారట, ఏ తారీకూ తోచకపోతే జూలై ఒకటి వేసేవారట, సగం ఊరికి అదే పుట్టినరోజట. అంతోని ఎనిమిదేళ్ళు దాటేదాకా గేదెలు కాసి అప్పుడు బడిలో చేరాడు. అన్నయ్య బడి ముఖం చూడలేదు కాబట్టి అతని వయసు చర్చి పుస్తకంలో ఉన్నట్టే ఉండిపోయింది. అంటే అంతోనికి ఇప్పుడు డెబ్బై రెండు. అరవై తొమ్మిదో ఏడు ఎప్పుడో వచ్చింది, ఎప్పుడో వెళ్ళిపోయింది. ఏడు నెలలుగా ఏ గండానికైతే నిలువుకాళ్ళ జపం చేస్తున్నాడో, ఆ గండం మూడేళ్ళ కిందటే తన పక్కనుంచి నడిచిపోయింది.

అతనికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాడు. ఫాదర్ కూడా నవ్వి, పక్కన అంచులో మీ పెళ్ళి కూడా రాసి ఉంది చూడండి అని పుస్తకం ఇటు తిప్పాడు. కత్తోలికుల పెళ్ళి ఎక్కడ జరిగినా జ్ఞానస్నానం పుస్తకం అంచున రాసిపెట్టడం ఆనవాయితీ. సన్నటి అక్షరాలు. 1981 మే 20, శౌరమ్మతో వివాహం. వయసు నిర్ధారణ కొరకు వధువు తండ్రి స్వయంగా వచ్చి నకలు తీసుకున్నాడు.

అంతోని నవ్వు అక్కడే ఆగిపోయింది.

తిరుగు బస్సులో సీట్లన్నీ ఖాళీయే. గండం గడిచిందని తెలిసినా అతనికి కూర్చోబుద్ధి కాలేదు. పైగా కొత్త భయం ఒకటి పట్టుకుంది. ఇన్నాళ్ళూ జూలై ఒకటి అని ఒక గట్టు కనిపించేది, దాన్ని చేరితే చాలు అనుకునేవాడు. ఇప్పుడు ఆ గట్టు లేదు. డెబ్బై రెండులో పోకూడదని రాయప్ప చెప్పాడా, ఆరోగ్యం చెప్పాడా? ఈ రోజైనా కావచ్చు, ఈ బస్సులోనైనా కావచ్చు. కమ్మీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

అంతలో శౌరమ్మ గుర్తొచ్చింది. మామగారు ఆనాడే చూశాడు. అంటే ఆమెకు తెలుసు. నలభై అయిదేళ్ళుగా తెలుసు. అంతోని వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అసలైన అరవై తొమ్మిదో ఏడు 2022 జూన్ నుంచి 2023 జూన్ దాకా. ఆ ఏడాది జరిగినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఆ జూన్‌లోనే శౌరమ్మ షుగరు డాక్టరు నడవమన్నాడని చెప్పి తనతో గట్టుకు రావడం మొదలుపెట్టింది. నడిచింది లేదు, పెట్టింది లేదు. లాకుల దగ్గర మెట్ల మీద టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, అతను పరిగెత్తి తిరిగొచ్చేదాకా దారి చూస్తూ కూర్చునేది. వానలో గొడుగు వేసుకుని కూర్చుంది. జ్వరంలో కూడా వచ్చింది. అతను అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఎదురొచ్చేది. ఇదెక్కడి గోల అని అతను విసుక్కున్నాడు. ఏడాది తిరిగాక ఒకరోజు గుణదల కొండకు వెళ్ళి మేరీమాతకు తలనీలాలు ఇచ్చి వచ్చింది. ఏం మొక్కు అంటే చెప్పలేదు. నున్నటి గుండు చూసి అంతోని వారం రోజులు ఎగతాళి చేశాడు. ఆ తర్వాత ఆమె గట్టుకు రావడం మానేసింది.

కంకిపాడులో బస్సు దిగేసరికి నాలుగున్నరయింది. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి రత్తమ్మ చేపలు కడుగుతూ తలెత్తి చూసింది.

"వదినా? కాలవ కాడికెళ్ళింది అన్నాయ్, మధ్యాన్నమనగా. మనసేం బాగోలేదు, కాసేపు కూర్చుంటానని చెప్పింది."

అంతోనికి చెవులు గుయ్యిమన్నాయి. ఆ మాట వాళ్ళింట్లో రెండుసార్లు విన్నాడు. రెండుసార్లూ తిరిగి లేచినవాళ్ళు లేరు. మధ్యాహ్నమనగా వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు. ఇది తన వంశం జబ్బే గాని ఆమెది కాదని బుద్ధికి తెలుసు. కాళ్ళకు తెలియలేదు.

సందు మలుపులో చెప్పులు వదిలేశాడు. గట్టెక్కాక ఇక ఏదీ చూడలేదు. ఈ దారి మీద తొమ్మిదేళ్ళు పరిగెత్తాడు, ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ వేరు లేచి ఉందో పాదాలకే తెలుసు. కానీ అన్నాళ్ళూ తన గుండె చప్పుడు వింటూ పరిగెత్తాడు. అది ఎక్కడ తప్పుతుందో, ఎప్పుడు ఆగుతుందో అని చెవి అటే పెట్టి పరిగెత్తాడు. ఇవాళ ఆ చప్పుడే వినబడలేదు. అరవై ఆరేళ్ళ మనిషి, షుగరు మనిషి, పొద్దున ఏమైనా తిన్నదో లేదో. గడప దగ్గర ఏదో చెప్పబోతే తను వినకుండా వెళ్ళిపోయాడు. డొక్కలో పోటు లేచింది. కంకర రాయి మడమలో దిగింది. దేవుడా, ఆమెను లేపు, ఆమెను లేపు అని తప్ప ప్రార్థన కూడా సరిగా రాలేదు.

లాకుల మెట్ల మీద శౌరమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ఫ్లాస్కు. తల పక్కకు వాలి ఉంది.

ఆరోగ్యం తల కూడా సరిగ్గా అలాగే వాలింది. అంతోని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. ఆఖరి ఇరవై గజాలు అతను పరిగెత్తాడో పాకాడో అతనికే తెలియదు. దగ్గరికెళ్ళి భుజం పట్టుకున్నాడు.

ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఏడ్చి ఏడ్చి కునుకు పట్టినట్టుంది. కళ్ళు వాచి ఉన్నాయి. అతని ముఖం, ఒట్టి కాళ్ళు, మడమ నెత్తురు చూసింది.

"పుస్తకం చూశారా?" అంది.

అతను తల ఊపాడు. ఆమె లేచి అతని రొమ్ము మీద చెయ్యి వేసి, అది కాస్త నెమ్మదించేదాకా తీయలేదు. ఆ తర్వాత అడక్కుండానే చెప్పింది. మగపెళ్ళివారు ఇరవై అయిదు అన్నారు, పుస్తకంలో ఇరవై ఎనిమిది కనిపించింది. వాళ్ళ నాన్న సంబంధం వద్దన్నాడు. ఈమె చేసుకుంటానంది. బయటపెడితే అబ్బాయి సర్కారు ఉద్యోగం పోతుంది, నోరెత్తకు అని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. నలభై అయిదేళ్ళు ఒట్టు నిలబెట్టింది.

అంతోనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఉద్యోగం దిగిపోయి పన్నెండేళ్ళయింది, ఇంకా ఎవరు తీసేస్తారని అరిచాడు.

"ఆ ఏడన్నా నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఈ ఏడు ఎట్లా ఉన్నారో అట్లాగే ఉండేవారు. ఇంట్లో ఒక్కరు భయపడితే చాలదా అండీ?"

"గడిచాకన్నా చెప్పాలి కదా. ఏడు నెలల్నించి చస్తా బతుకుతున్నాను శౌరీ. నిలబడి అన్నం తింటన్నాను."

"చూస్తానే ఉన్నాను." ఆమె కాలువ వైపు తిరిగింది. "ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. గండం గడిచిందంటే మీరు పరుగు మానేస్తారు. మానేస్తే కూర్చుంటారు. ఆ ఏడు మిమ్మల్ని ఆ పరుగే దాటించిందని నా నమ్మకం. దాన్ని ఎట్లా మానిపించను?"

అంతోని ఆమె కూర్చున్న మెట్టు వైపు చూశాడు. తను ఈ ఏడాది పడిన భయమంతా లేని గండానికి పడింది. ఉన్న గండానికి భయపడింది ఆమె. ఒక్కతే, గొడుగు కింద, తను ఎగతాళి చేస్తుండగా. తనకు పరుగన్నా ఉంది. ఆమెకు ఈ మెట్టు తప్ప ఏమీ లేకపోయింది. జుట్టు మళ్ళీ భుజాల దాకానే పెరిగింది.

"ఇప్పుడు మానేస్తారా?" అని అడిగింది.

"మానను. ఫాదర్ రాసిచ్చిన కాగితం ఇచ్చేసి డెబ్బై పైవాళ్ళలో పరిగెత్తుతాను. గంగాప్రసాద్ గారి బంగారానికి గండం." నవ్వించాలని చూశాడు, ఇద్దరికీ నవ్వు రాలేదు. "రేపట్నించి నువ్వూ రా. నడువు. పదడుగులైనా సరే, నడువు. ఇక్కడ కూర్చున్నావని రత్తమ్మ చెప్పినప్పుడు..."

మెట్టు మీద చెయ్యి ఆనించి మెల్లగా వంగాడు.

"కూర్చోకండి," అంది శౌరమ్మ, అతని చొక్కా పట్టుకుని. అది అరుపు కాదు గాని, కాలువ అవతల బట్టలు ఆరేస్తున్న మనిషి తలెత్తి చూసింది.

"కాసేపు," అన్నాడు అంతోని. కూర్చున్నాడు.

మెట్టు ఎండకు వెచ్చగా ఉంది. ఏడు నెలల తర్వాత నడుము కింద రాయి తగిలితే భయంతో ఒళ్ళంతా బిగుసుకుపోయింది. శౌరమ్మ అతని పక్కనే కూర్చుని, చొక్కా వదలకుండా, అతని ఊపిరి లెక్కపెడుతోంది. ఆమె ఊపిరి అతను లెక్కపెడుతున్నాడు. ఫ్లాస్కులో టీ చల్లారిపోయి ఉంది, ఒక్క మూతలోనే చెరిసగం తాగారు. లాకుల కింద నీళ్ళు పడే చప్పుడు వింటూ, ఎవరి తల వాలుతుందోనని ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నారు.

గట్టు మీద ఎండ తగ్గింది. ఆమె ముందు లేచి చెయ్యి అందించింది. అంతోని ఆ చెయ్యి పట్టుకుని లేచాడు.